రెండో రెప్ప

కళ్ళద్దాల దుకాణం మేడమీద ఆదివారం పొద్దున జరిగే రగడ కిందనుంచి వింటే ఎవరైనా ఆస్తి తగాదా అనుకుంటారు. అంత రోషంగా బల్లలు చరుస్తూ అక్కడ తేల్చుకునేది మాత్రం ఎప్పుడో మూతపడ్డ ఒక బొమ్మల పత్రికలో ఏ వీరుడు ఏ సంచికలో ఎక్కడున్నాడనే సంగతి. అందరూ ఉద్యోగాలు, సంసారాలు, బీపీ మాత్రలు ఉన్నవాళ్ళే. నవ్వేవాళ్ళు నవ్వుకోవచ్చు. పెద్దపెద్ద భవనాల్లో జరిగే సమావేశాల్లో ఇందులో సగం నిజాయితీ ఉన్నా లోకం ఎప్పుడో బాగుపడేది.

ఆ పత్రిక పేరు 'ఏడుగురి దండు'. ఏడుగురు వీరులు, ఏడు శక్తులు, ఒక నగరం, దాన్ని ముంచేద్దామని కాచుకూర్చున్న దుర్మార్గులు. మేడమీద కూడా ఏడు కుర్చీలే. ఒక్కొక్కరు ఒక్కో వీరుడి తరఫున కూర్చుంటారు. ఆ వీరుడి మీద ఏ ప్రశ్న వచ్చినా జవాబుదారీ ఆ కుర్చీదే, మొదటి మాటా ఆ కుర్చీదే. పిలుచుకోవడం కూడా ఆ పేర్లతోనే. దుకాణం యజమాని పిడుగు. పేరుకే పిడుగు, ఆయన గొంతు పక్క గదిలోకి కూడా వినపడదు. ఆస్పత్రి డ్యూటీ దిగి నిద్రకళ్ళతో వచ్చే నర్సు సుడిగాలి. పుల్ల విరిచినట్టు మాట్లాడే వకీలు మంచుకత్తి. ఆయనకు ఆ పేరు ఎంత చక్కగా అతికిందంటే, కోర్టులో జడ్జికి కూడా చెప్పాలనిపిస్తుంది.

చిన్నది కూర్చునేది రెప్ప కుర్చీలో. అది ఆమె కుర్చీ కాదు, వాళ్ళక్కది.

రెప్ప అంటే దండులో రాగిముసుగు మనిషి. మొహం ఎవరూ చూడలేదు, అసలు పేరు ఎవరికీ తెలీదు. దేన్ని చూసి రెప్ప వాలుస్తుందో, మళ్ళీ రెప్ప ఎత్తేదాకా అది కదలదు. వంతెన సంచికలో, కూలుతున్న వంతెనను చూసి అలా కళ్ళు మూసుకుంది. వంతెన గాల్లోనే ఆగిపోయింది. చివరి బస్సు దాటేదాకా ఆమె కళ్ళు తెరవలేదు, తెరిచాక వంతెనతో పాటు తనూ నదిలో పడిపోయింది. కొన్ని సంచికల తర్వాత అదే రాగిముసుగు ఏమీ జరగనట్టు దండు స్థావరంలోకి నడిచి వచ్చింది. దండులో ఎవరూ ఏమీ అడగలేదు. ముసుగూ ఏమీ చెప్పలేదు. పత్రిక మూతపడేదాకా ఆ గుట్టు విప్పనేలేదు.

మరి తిరిగొచ్చింది ఆ రెప్పేనా, వేరే మనిషా? మేడమీద ఏళ్ళ తరబడి నలిగిన ప్రశ్న ఇదే. శక్తి ఒకటి, ముసుగు ఒకటి, కాబట్టి మనిషీ ఒక్కతే, ఈదుకుని ఒడ్డుకు చేరిందని అక్క వాదించేది. శక్తి ముసుగులోనే ఉందేమో, ఎవరు తగిలించుకుంటే వాళ్ళకే వస్తుందేమో, శవం దొరకనంతమాత్రాన మనిషి బతికినట్టా అని వకీలు ఒంటికాలి మీద లేచేవాడు. ఇద్దరూ వారమంతా ఆ ఒక్క పూట కోసమే ఊపిరి పీల్చేవాళ్ళని నర్సు వేళాకోళం చేసేది. వాదన అయిపోగానే వకీలు తన గొడుగు కింద అక్కను బస్టాపు దాకా దిగబెట్టేవాడు. వాన లేనప్పుడు కూడా.

అక్క నీటిసరఫరా ఆఫీసులో గుమాస్తా. ఒక మధ్యాహ్నం తలనొప్పిగా ఉందని బల్ల మీద తల వాల్చి మళ్ళీ ఎత్తలేదు. తలలో రక్తనాళం చిట్లిందన్నారు. ఎప్పుడూ పదిమందిని పోగేసుకుని నవ్వించే మనిషి అలా చడీచప్పుడూ లేకుండా పోవడం ఇంట్లోవాళ్ళకు ఈనాటికీ నమ్మబుద్ధి కాదు. ఇంట్లోవాళ్ళంటే మిగిలింది ఇద్దరే, అమ్మా, చిన్నదీ.

చిన్నది లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. చేతికి గ్రీజు, నోటికి తాళం. అక్క ఎంత మాటకారో ఈమె అంత మౌనం. బొమ్మల పత్రికలంటే చిన్నప్పుడు అక్క ఒళ్ళో కూర్చుని చూసినవి తప్ప తెలీదు. కానీ అంత్యక్రియల దగ్గర పిడుగు బాబాయ్ వచ్చి, రెప్ప కుర్చీ ఖాళీ అయిపోయిందమ్మా అని గుడ్ల నీరు కుక్కుకుంటే, అమ్మ చెంగుతో మొహం తుడుచుకుని, ఖాళీగా ఎందుకుంటుంది, ఇది వస్తుంది అంది. చిన్నది కాదనలేదు. అక్క కోసం చెయ్యగలిగింది ఇంకేమీ మిగల్లేదు మరి.

అలా ఆదివారాలు మొదలయ్యాయి. మొదటిరోజు చేతులు కడుక్కోబోయి వేరే తలుపు తీసింది. అట్టపెట్టెలు, ఖాళీ ఫ్రేములు నెత్తిమీద పడ్డాయి. అందరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. అక్క అయితే చీకట్లో కూడా సరైన తలుపే తీసేది. అడగకుండానే చక్కెర లేని టీ చేతికిచ్చారు, అక్క అలాగే తాగేది కాబట్టి. చిన్నదానికి తీపి లేనిదే గొంతు దిగదు. అయినా గుటకలు మింగింది. వాళ్ళ పాత జోకులకు ముందు వాళ్ళ మొహాలు చూసి, వాళ్ళు నవ్వాక నవ్వింది. "రెప్పమ్మా" అని వాళ్ళు నోరారా పిలిస్తే పలికింది. అక్క చెప్పినవే చెప్పింది. వాళ్ళకు అదే కావాలి. ఆమె గొంతు కూడా వాళ్ళక్క గొంతేనని, కళ్ళు మూసుకుంటే తేడా తెలీదని పిడుగు బాబాయ్ ఒకసారి మురిసిపోయాడు. ఇంటి దగ్గరా అదే వరస. అమ్మ ఎప్పుడు మొదలుపెట్టిందోగానీ "పెద్దదానా" అని పిలవడం అలవాటు చేసుకుంది. మొదట్లో నాలిక కరుచుకునేది, తర్వాత అదీ మానేసింది. చిన్నదీ దిద్దలేదు.

ఇంతలో ఒక చిన్న ప్రచురణ సంస్థ పాత సంచికలన్నీ కలిపి లావుపాటి పుస్తకంగా వేస్తామంటూ ముందుకొచ్చింది. చివర్లో వీరుల పరిచయాలు మీరే రాసివ్వండి, మీకంటే తెలిసినవాళ్ళు లేరు అంది. మేడమీద పండగే పండగ. ఏడు పరిచయాలా, ఎనిమిదా అన్న దగ్గర మాత్రం బండి ఆగిపోయింది. రెప్ప ఒక్కతే అయితే ఏడు. ఇద్దరైతే ఎనిమిది. అచ్చులో పడ్డాక ఇక మార్పుండదు. వచ్చే ఆదివారం తాడో పేడో తేల్చెయ్యాలని అందరూ ఒప్పుకున్నారు.

చిన్నది నడుం బిగించింది. అక్క ఇన్నేళ్ళు నిలబెట్టిన మాట తన చేతుల్లో ఓడిపోకూడదు. కానీ వకీలు ముందు చిలకపలుకులు పలికితే నిలబడవు, చదవాల్సిందే. అక్క సంచికలన్నీ సంచీలో వేసుకుని పనిలోకి తీసుకెళ్ళింది. మధ్యాహ్నం భోజనం వేళ, ఏ భవనంలో పనుంటే ఆ భవనం డాబా మీద మోటారు గదిలో, బోర్లించిన బకెట్ మీద కూర్చుని చదివింది. పక్కనే మోటారు గుర్రుమంటూ ఎవరినో పైకీ కిందకీ తిప్పుతుండేది. ఒక సంచికలో అయితే పిడుగు ఒంటిచేత్తో లిఫ్టు తాడు పట్టుకుని వేలాడతాడు. ఆ పేజీ చూసి ఒంటరిగా పకపకా నవ్వుకుంది. అక్కకు చెబుదామని తలెత్తింది కూడా.

ఆ పేజీ తర్వాతి సంచికలోనే ఉంది అల్మారా.

పిడుగు చేతికి దెబ్బ తగులుతుంది. తిరిగొచ్చిన రెప్ప కట్టుగుడ్డ కోసం లేచి ఒక అల్మారా తీస్తుంది. లోపల తాళ్ళు, టార్చిలైట్లు ఉంటాయి. తర్వాతి బొమ్మలో వేరే అల్మారా దగ్గర ఉంటుంది. అంతే. అరచెయ్యంత కూడా లేని బొమ్మ. ఇలాంటివాటికి మేడమీద ఒక సొంత మాటుంది, 'జారుడు' అని. కథకు పొసగనిదేదైనా కనిపిస్తే, బొమ్మ వేసినవాడి చెయ్యి జారిందని ఒప్పుకుని దాన్ని లెక్కలోంచి తీసేస్తారు. అల్మారాను జారుడులో వేయించింది అక్కే. అదే సంచికలో దండులోని ఉక్కుపిడికిలి వీరుడి తొడుగు ఎడమ చేతినుంచి కుడిచేతికి మారిందని చూపించి, గీసినవాడే అజాగ్రత్త మనిషంటే వకీలు కూడా నోరు మూసుకోవాల్సొచ్చింది.

చిన్నది ఆ బొమ్మ ముందు అన్నం మర్చిపోయింది. తన నెత్తిమీద పడ్డ అట్టపెట్టెలు గుర్తొచ్చాయి. ఇది చెయ్యి జారడం కాదు, ఆ మనిషి ఆ ఇంటికి కొత్త.

ఇక అక్కణ్ణుంచి అన్నీ కళ్ళకు కట్టినట్టు కనిపించసాగాయి. సుడిగాలి జారిపడితే దండంతా సుడిగాలిని చూసి నవ్వుతుంది. రాగిముసుగు కంతల్లోంచి ఆ రెండు కళ్ళు మాత్రం నవ్వేవాళ్ళ మొహాలు చూస్తున్నాయి. పాత రెప్ప పిడుగు భుజానికి భుజం ఆనించి కూర్చునేది. వంతెన తర్వాత ప్రతి బొమ్మలోనూ పిడుగు పక్కన ఒక మనిషి పట్టేంత జాగా ఖాళీ. ఆ అవతల కొత్త రెప్ప. అంటే దండుకు తెలుసు. అందరికీ తెలుసు, ఒక్కరూ పైకి అనలేదు. ఆమెను ఆ పేరుతోనే పిలిచారు, ఆమె పలికింది.

చిన్నది పుస్తకం మూసేసింది. వకీలు చెప్పిందే నిజం. అక్క చెప్పింది తప్పు.

శనివారం సాయంత్రం పిడుగు బాబాయ్ ఫోన్ చేశాడు. మామూలుగానే గుసగుస, ఇంకాస్త తగ్గించాడు. ఏం కంగారు పడకమ్మా, వకీలు మెత్తబడ్డాడు, రేపు ఎదురు చెప్పనన్నాడు, మేమందరం కూడా 'ఒక్కతే' అనే అంటాం, మీ అక్క పేరు మీద ఇదైనా చెయ్యకపోతే ఎలా అన్నాడు. నువ్వు వచ్చి అక్క మాటలు నాలుగు చెప్పు చాలు అన్నాడు. ఫోన్ పెట్టేశాక చిన్నదానికి ఏడుపొచ్చింది, ఒళ్ళూ మండింది. అంత మంచివాళ్ళ మీద కోపం రావడం ఇంకా బాధగా ఉంది.

అమ్మ బట్టలు మడతపెడుతోంది. అక్క చీరలు కూడా ఉన్నాయి అందులో, వారం వారం ఉతుకుతుంది. చిన్నది జరిగిందంతా చెప్పింది. అమ్మ తలెత్తకుండా వింది. అల్మారాలూ గిల్మారాలూ నాకు తెలీవు, అక్క ఏం చెప్పేదో అదే చెప్పిరా అంది. అబద్ధమైనా చెప్పనా అని చిన్నది అడిగితే, ఎవరి కొంపలు మునిగిపోతాయే అంది. చిన్నది ఇంకేమీ మాట్లాడలేదు. మాట్లాడకపోతే ఒప్పుకున్నట్టేనని అమ్మ అనుకుంది. ఈ పిల్ల మౌనాన్ని పుట్టినప్పటినుంచీ అందరూ అలాగే పొరబడుతున్నారు.

మర్నాడు మేడమీద ఏడు కుర్చీలూ నిండాయి. బల్ల మీద ఒక్కొక్కరి ముందూ ఒక్కో పాత సంచిక. రెప్ప ఒక్కతే అనుకుంటే సంచికను బోర్లించాలి, ఇద్దరనుకుంటే అట్టబొమ్మ పైకి ఉంచాలి, అదీ వాళ్ళ ఓటు. వకీలు ముందే చేతులు కట్టుకుని కిటికీలోంచి చూస్తున్నాడు, ఎదుటిపక్షానికి లొంగిపోయిన సాక్షిలాగా. నర్సు టీ కప్పులు పంచింది.

చిన్నది కప్పు పక్కకు జరిపింది. "నాకు చక్కెర కావాలి" అంది.

నర్సు చెయ్యి ఆగిపోయింది. పిడుగు బాబాయ్ లేచి చక్కెర డబ్బా వెతికి తెచ్చాడు. చిన్నది రెండు చెంచాలు వేసుకుని కలుపుకుంది. ఒక గుక్క తాగి, కుండ బద్దలు కొట్టినట్టు చెప్పేసింది.

"రెప్ప ఒక్కతి కాదు. ఇద్దరు."

వకీలు గిర్రున తిరిగాడు. గెలిచినవాడి మొహం కాదది. "ఆ కుర్చీలోంచి ఆ మాట రాకూడదు" అన్నాడు. "మీ అక్క ఉంటే ఈ మాట అననిచ్చేదా?"

"ఉంటే ఇక్కడ నేనుండను కదండీ."

తర్వాత అల్మారా దగ్గర మొదలుపెట్టి, నవ్వు బొమ్మ చూపించింది, పిడుగు పక్కన జాగా ఖాళీగా ఉన్న బొమ్మలన్నీ ఒకదాని పక్కన ఒకటి పరిచి చూపించింది. అంతసేపు ఆమె మాట్లాడటం వాళ్ళెవరూ ఎప్పుడూ వినలేదు. అల్మారా ఎప్పుడో జారుడులో వేశాం కదా, మీ అక్కే వేయించిందని ఒకరు నసిగారు. వేయించిందని తెలుసు, ఇప్పుడు తీయిస్తున్నాను అంది. ఇన్ని సంచికల్లో ప్రతిసారీ పిడుగు పక్కన జాగా వదలడం, బొమ్మ వేసినవాడి చెయ్యి జారితే వచ్చేది కాదని అంది. పిడుగు బాబాయ్, పిడుగు మీద ప్రశ్నకు జవాబు తన కుర్చీదే కాబట్టి, పిడుగు అంత రాతిగుండె మనిషి కాదమ్మా, పక్కన మనిషిని పెట్టుకుని దూరం జరగడు అన్నాడు.

"బాబాయ్, మీ కుర్చీ చూడండి" అంది చిన్నది.

ఆయన చూసుకున్నాడు. అక్క ఉన్న రోజుల్లో ఆయన మోచెయ్యి ఎప్పుడూ రెప్ప కుర్చీ చేతిమీదే ఉండేది. ఇప్పుడు రెండు కుర్చీల మధ్య మనిషి పట్టేంత జాగా ఉంది. ఎప్పుడు జరిగాడో ఆయనకే తెలీదు. పాపం, దొంగతనం బయటపడ్డట్టు కంగారుపడి కుర్చీ లాగబోయాడు.

"జరగొద్దు బాబాయ్. అది అక్క జాగా, ఉండనీండి." చిన్నది అందరివైపూ తిరిగింది. "రెప్ప ఈదుకొచ్చేసిందంటే వంతెన దగ్గర ఎవరికీ ఏమీ కానట్టే. అలా అనుకుంటే మనందరికీ బావుంటుంది. కానీ ఆవిడ పోయింది. బస్సు దాటించి పోయింది. ఆ పోవడం ఆవిడది, దాన్ని ఆవిడ దగ్గర్నుంచి లాక్కోకూడదు. తర్వాత వచ్చింది ఇంకో మనిషి. ఆ రావడం ఈవిడది." ఊపిరి తీసుకుంది. "మా అక్క పోయింది. నేను అక్కని కాను. ఈ కుర్చీలో ఎన్నాళ్ళు కూర్చున్నా కాబోను. నన్ను పొమ్మంటే పోతాను. కానీ ఉంటే ఇలాగే ఉంటాను."

కింద దుకాణంలో ఎవరో గంట నొక్కారు. పిడుగు బాబాయ్ దిగివెళ్ళకుండా తన సంచికను దగ్గరికి లాక్కున్నాడు.

ఓటు మొదలైంది. ఒకరి తర్వాత ఒకరు సంచికను అట్టబొమ్మ పైకి పెట్టారు. నర్సు మాత్రం బోర్లించింది. నాకు తను బతికే ఉండాలి, అంతే, నన్నేమీ అడక్కండి అని కళ్ళు తుడుచుకుంది. ఆమెను ఎవరూ తప్పుపట్టలేదు, చిన్నదైతే అసలే పట్టలేదు. పిడుగు బాబాయ్ చాలాసేపు సంచికను నిమిరి, పైకే పెట్టాడు. వకీలు వంతు వచ్చింది. ఇన్నేళ్ళు ఈ పూట కోసం కాచుకున్న మనిషి సంచిక మీద చెయ్యి వెయ్యలేదు.

"ఆవిడ మీద నేనెన్నడూ గెలవలేదు" అన్నాడు చివరికి. "ఆవిడ లేకుండా గెలవడం నాకు ఇష్టం లేదు."

"మీరు గెలవట్లేదండీ" అంది చిన్నది. "నేను గెలుస్తున్నాను."

ఆయన ఆమెను ఎగాదిగా చూశాడు, అప్పుడే మేడెక్కి వచ్చిన మనిషిని చూసినట్టు. చూసి, పడీపడీ నవ్వాడు. నవ్వుతూనే కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, సంచికను అట్టబొమ్మ పైకి తిప్పి పెట్టాడు. ఆఖర్న చిన్నది తన సంచికను, రెప్ప కుర్చీ సంచికను, వాళ్ళందరి ముందూ అట్టబొమ్మ పైకి పెట్టింది.

ఎనిమిది పరిచయాలన్నమాట. వకీలు కలం తీశాడు. మొదటి రెప్పకు పేజీ చాలేట్టు లేదు, అంత ఉంది రాయడానికి. రెండో రెప్ప దగ్గరికొచ్చేసరికి ఆగిపోయాడు. ఈవిడ ఎవరో, ఎక్కణ్ణుంచి వచ్చిందో పత్రికలో ఒక్క ముక్క లేదు, ఏం రాయమంటావమ్మా అని అడిగాడు. 'రెప్పమ్మా' అనలేదని అందరూ గమనించారు.

"ఏ అల్మారాలో ఏముందో తెలీదు. అయినా వచ్చింది, కట్టు కట్టింది. అని రాయండి" అంది.

ఆయన అలాగే రాశాడు, ఒక్క మాట కూడా దిద్దలేదు. వెళ్ళేటప్పుడు గొడుగు తీసుకుని, బస్టాపు దాకా రానా అని అడిగాడు. నాది స్కూటరండీ అంది. ఓహో అన్నాడాయన. అయితే కిందదాకా వస్తానని మెట్లు దిగాడు.

ఇంటికొచ్చేసరికి అమ్మ గుమ్మంలోనే ఉంది. పొద్దుట్నుంచీ అక్కడే ఉన్నట్టుంది. గెలిచావా అని అడిగింది. ఆ ఒక్క ప్రశ్నకు దారిపొడుగునా రకరకాల జవాబులు కూర్చుకుంది చిన్నది. ఒక్కటీ గుర్తురాలేదు.

"అక్క ఓడిపోయిందమ్మా. నేను గెలిచాను."

అమ్మ మొహం చిన్నబోయింది. లోపలికి వెళ్ళింది. వంటింట్లో గిన్నెలు ఎత్తి పెట్టిన చప్పుడు, మళ్ళీ ఎత్తి పెట్టిన చప్పుడు. చిన్నది హాల్లోనే నిలబడింది, చెప్పులు కూడా విప్పకుండా. కోప్పడితే పడనీ, ఏడిస్తే ఏడవనీ, చెప్పిన మాట మాత్రం వెనక్కి తీసుకోకూడదని పళ్ళు బిగించుకుంది. ఎంతసేపటికో లోపల్నుంచి అమ్మ గొంతు వినిపించింది. మొదట ఒక పిలుపు నోటిదాకా వచ్చి ఆగింది. ఆగిన చోట అమ్మ గట్టిగా ముక్కు చీదుకుంది.

"చేతులు కడుక్కుని రావే, చిన్నదానా. ఇద్దరం తిందాం."

చిన్నది చెప్పులు విప్పి, పెరటి కుళాయి దగ్గరికి వెళ్ళి నీళ్ళు వదిలింది. ఆ చప్పుడులో అక్క కోసం, మొదటిసారి తన గొంతుతో, తనివితీరా ఏడ్చింది. తర్వాత చేతులు కడుక్కుని అన్నానికి వెళ్ళింది.